ఓపెన్ సోర్స్ టెస్టింగ్ టూల్‌కి రికార్డ్ బటన్ పెట్టాలా? పెడితే ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మీ ప్రశ్నని క్లుప్తంగా చెప్పుకుందాం. మీది పైథాన్‌లో రాసిన చిన్న ఓపెన్ సోర్స్ టెస్టింగ్ టూల్. టెస్టులు యామల్ (స్టెప్పుల్ని సాదా టెక్స్ట్‌గా రాసే పద్ధతి) ఫైళ్లలో రాస్తే లోపల ప్లేరైట్, అంటే బ్రౌజర్‌ని కోడుతో నడిపే టూల్, వాటిని నడుపుతుంది. కోడ్ రాయడం అలవాటు లేని మాన్యువల్ టెస్టర్లు "మేం బ్రౌజర్‌లో చేసింది చేసినట్టు రికార్డు చేసి ఫైలు ఇచ్చే బటన్ కావాలి" అంటున్నారు. పనిచేసేది మీరిద్దరే, అదీ ఆఫీసు అయ్యాక. సొంతంగా బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి చేర్చే చిన్న ప్రోగ్రామ్) రాయాలా, ప్రాక్సీ (బ్రౌజర్‌కీ వెబ్‌సైట్‌కీ మధ్య కూర్చునే ప్రోగ్రామ్) పెట్టాలా, ఇప్పటికే ఉన్నదాన్ని వాడుకోవాలా అని అడిగారు.

నా జవాబు: ఫీచర్ తప్పకుండా పెట్టండి. రికార్డర్‌ని మాత్రం ఇప్పుడే సొంతంగా రాయకండి. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో (బ్రౌజర్‌లోనే ఉండే డెవలపర్ల పరికరాల్లో) రికార్డర్ ప్యానెల్ ఉంది. 2022 జనవరిలో వచ్చిన క్రోమ్ 97 నుంచి అందుబాటులో ఉంది. చేసిన పనిని జేసాన్ (ప్రోగ్రాములు సులువుగా చదవగలిగే టెక్స్ట్ రూపం) ఫైలుగా ఎగుమతి చేస్తుంది. ఆ జేసాన్‌ని మీ యామల్‌గా మార్చే ఇంపోర్టర్ ఒకటి రాయండి. అది జనం చేతికిచ్చి రెండు నెలలు చూడండి. సొంత ఎక్స్‌టెన్షన్ సంగతి ఆ తర్వాత.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను దీన్ని తిరగేసి చేశాను. మేం నడిపే టూల్‌కి ముందే సొంత ఎక్స్‌టెన్షన్ రాశాం. క్లిక్కులు పట్టుకోవడం వారంలో అయిపోయింది, డెమోలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు వచ్చిన బగ్గుల్లో ఎక్కువ భాగం ఒకే మాట: "నిన్న రికార్డు చేశాను, ఇవాళ నడవట్లేదు." రికార్డర్ అసలు పని క్లిక్కుని పట్టుకోవడం కాదు. ఆ క్లిక్కు దేనిమీద పడిందో రేపు కూడా గుర్తుపట్టేలా, మనిషి చదివితే అర్థమయ్యేలా రాసిపెట్టడం. కష్టమంతా అక్కడే ఉంది. ఆ కష్టం ఇంపోర్టర్ రాసినా తప్పదు కాబట్టి ముందు దాన్నే నేర్చుకోండి.

ఒక ఉదాహరణ చెబుతాను. మా టెస్టర్ ఒకమ్మాయి లాగిన్ పేజీ రికార్డు చేసింది. ఫైల్లో మొదటి స్టెప్పు "ఇన్‌పుట్-4127 లో టైపు చెయ్యి" అని పడింది. ఆ 4127 ఫ్రంటెండ్ లైబ్రరీ పేజీ లోడైన ప్రతిసారీ కొత్తగా పుట్టించే నంబరు. రెండోసారి లోడు చేస్తే 4131. టెస్టు మొదటి స్టెప్పులోనే పోయింది. ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి "సార్, నేను తప్పు చేశానా?" అని అడిగింది. ఆమె తప్పేం లేదు. ఆ పెట్టె పక్కన "మొబైల్ నంబర్" అని లేబుల్ స్పష్టంగా ఉంది. మనిషి దాన్ని చూసే టైపు చేసింది. మా రికార్డరే లేబుల్ వదిలేసి ఐడీ పట్టుకుంది.

అందుకే సెలెక్టర్ (పేజీలో ఒక ఎలిమెంట్‌ని, అంటే బటన్, పెట్టె లాంటిదాన్ని, గుర్తుపట్టే ఆనవాలు) ఎంచుకునే వరస మొదటి రోజే రాసిపెట్టుకోండి. మాది ఇప్పుడు ఇలా ఉంది: టీమ్ కావాలని పెట్టిన టెస్ట్ ఐడీ (టెస్టుల కోసమే ఎలిమెంట్‌కి ఇచ్చే పేరు) ఉంటే అది. లేకపోతే రోల్ (అది బటనా, లింకా అన్నది), పేరు కలిపి, అంటే "బటన్, పేరు: సమర్పించు" లాగా. తర్వాత లేబుల్, ఆ తర్వాత కనిపించే టెక్స్ట్. ఐడీ చివర్లో, అదీ అందులో అంకెల గుంపు లేకపోతేనే. ఎక్స్‌పాత్ (పేజీ నిర్మాణంలో ఎలిమెంట్ ఎక్కడుందో చెప్పే చిరునామా) ఏ దారీ లేనప్పుడు మాత్రమే, అప్పుడు కూడా యామల్‌లో పక్కనే "ఈ స్టెప్పు బలహీనం, ఒకసారి చూడండి" అని కామెంట్ పడుతుంది. ఈ కామెంట్ చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దానివల్ల టెస్టర్లే డెవలపర్ దగ్గరికెళ్లి "ఈ బటన్‌కి టెస్ట్ ఐడీ పెట్టండి" అని అడగడం మొదలుపెట్టారు.

క్రోమ్ రికార్డర్ ఈ విషయంలో మీకు చాలా పని తగ్గిస్తుంది. ఒక్కో స్టెప్పుకి ఒకటి కాదు, సెలెక్టర్ల జాబితా ఇస్తుంది: ఆరియా పేరుతో (స్క్రీన్ రీడర్లకి వినిపించే పేరు) ఒకటి, సీఎస్ఎస్‌తో (పేజీ అలంకరణకి వాడే భాష) ఒకటి, ఎక్స్‌పాత్‌తో ఒకటి, టెక్స్ట్‌తో ఒకటి. మీ ఇంపోర్టర్ వాటిలోంచి మీ వరస ప్రకారం మంచిది ఏరుకుంటే చాలు, మిగతావి ఫైల్లోనే ప్రత్యామ్నాయాలుగా ఉంచండి. ఇంకో సౌకర్యం ఏంటంటే, ఆ ప్యానెల్‌కి మీ సొంత ఎగుమతి ఆప్షన్ చేర్చే వీలుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ రాస్తే టెస్టర్‌కి ఎగుమతి మెనూలోనే మీ టూల్ పేరు కనిపిస్తుంది. రికార్డింగ్ భారం క్రోమ్‌ది, మార్చి రాసే పని మీది.

ప్లేరైట్‌కి సొంత కోడ్‌జెన్ (చేసింది రికార్డు చేసి కోడుగా రాసిచ్చేది) ఉంది కదా అంటారేమో. ఉంది, చాలా బాగుంటుంది కూడా. రోల్, టెక్స్ట్, టెస్ట్ ఐడీలకే ప్రాధాన్యం ఇస్తుంది. కానీ అది ఇచ్చేది పైథాన్, జావా, జావాస్క్రిప్ట్ లాంటి భాషల్లో ప్లేరైట్ కోడు. మీ యామల్ కావాలంటే ఆ కోడుని మళ్లీ విడదీసి చదవాలి. నేను ఒకసారి ప్రయత్నించాను. వాళ్లు కోడు రాసే తీరు కొంచెం మార్చినప్పుడల్లా మన పార్సర్ (ఆ కోడుని విడదీసి చదివే భాగం) విరిగింది. కోడ్ రాయగలిగిన వాడుకరులకి దాన్ని సూచించండి, మీ టూల్‌కి పునాదిగా మాత్రం వద్దు.

ప్రాక్సీ గురించి ఒక్క మాట. లోడ్ టెస్టింగ్ (ఒకేసారి ఎంతమందిని తట్టుకుంటుందో చూడడం) టూల్ జేమీటర్‌లో ఉన్న రికార్డర్ ప్రాక్సీయే. 8888 పోర్టు మీద కూర్చుని బ్రౌజర్ పంపే రిక్వెస్టులన్నీ రాసుకుంటుంది. హెచ్‌టీటీపీఎస్ కోసం ఏడు రోజులు చెల్లే సర్టిఫికెట్ ఒకటి పుట్టించి మనచేత బ్రౌజర్‌లో పెట్టిస్తుంది. లోడ్ టెస్టింగ్‌కి అదే సరైన పద్ధతి, ఎందుకంటే అక్కడ కావాల్సింది రిక్వెస్టులు. మీకు కావాల్సింది మనిషి దేన్ని నొక్కాడు, ఎక్కడ రాశాడు అన్నది. రిక్వెస్టులు చూసి అది చెప్పలేం. ప్రాక్సీ మీ పనికి రాదు.

సొంత ఎక్స్‌టెన్షన్ ఎప్పుడు రాయాలి? డెవ్‌టూల్స్ ప్యానెల్ చూసి మీ టెస్టర్లు బెదిరిపోతే, ఫైర్‌ఫాక్స్ తప్పనిసరైతే, లేదా "ఇక్కడ ఈ మాట కనిపించాలి" లాంటి తనిఖీలు రికార్డింగ్ మధ్యలోనే పెట్టాలనుకుంటే. ఈ మూడోది మా దగ్గర బలమైన కారణం. తనిఖీలు లేని రికార్డింగ్‌ని నేను టెస్టుగా ఒప్పుకోను. బిల్లు మొత్తం తప్పుగా చూపించినా అన్ని బటన్లూ నొక్కగలిగితే పచ్చగా పాసైపోతుంది. ప్లేరైట్ వాళ్లు కూడా 1.40 వెర్షన్‌లో కోడ్‌జెన్‌కి ఈ తనిఖీ బటన్లు చేర్చారు. మేం రికార్డింగ్ ఆపేటప్పుడు ఒక్క తనిఖీ కూడా లేకపోతే "చివరికి తెరమీద ఏం కనిపించాలి?" అని అడిగేలా చేశాం. మా టూల్‌లో నాకు ఎక్కువ తృప్తినిచ్చిన మార్పు అదే.

రాయాలని నిర్ణయించుకుంటే, మాకు దెబ్బ తగిలిన చోట్లు చెబుతాను, మీకు కొన్ని నెలలు మిగులుతాయి.

సర్వీస్ వర్కర్ నిద్రపోతుంది. మానిఫెస్ట్ వీ3లో (క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల ప్రస్తుత నియమాల్లో) ఎక్స్‌టెన్షన్ వెనక నడిచే ఈ భాగం 30 సెకన్లు పనిలేకుండా ఉంటే క్రోమ్ దాన్ని ఆపేస్తుంది. మేం రికార్డైన స్టెప్పులన్నీ అక్కడే ఒక మామూలు వేరియబుల్‌లో పెట్టాం. మా టేబుళ్ల దగ్గర టెస్టు చేస్తే అంతా బాగుండేది. ఒక టెస్టర్ మాత్రం "నాకు సగం రికార్డింగే వస్తోంది" అని పదేపదే చెప్పాడు. పక్కన కూర్చుని చూశాను. మొబైల్ నంబర్ కొట్టాడు, ఓటీపీ పంపు నొక్కాడు, ఫోన్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. అతని సీటు దగ్గర సిగ్నల్ రాదు. ఓటీపీ వచ్చి, తిరిగొచ్చి కూర్చునేసరికి నిమిషం దాటింది. వర్కర్ ఆగిపోయింది, దాంతోపాటు అప్పటిదాకా ఉన్న స్టెప్పులూ పోయాయి. అతను ఓటీపీ కొట్టగానే వర్కర్ మళ్లీ లేచి ఖాళీ జాబితాతో మొదలుపెట్టింది. ప్రతి స్టెప్పునీ వచ్చిన వెంటనే ఎక్స్‌టెన్షన్ సెషన్ స్టోరేజీలో రాస్తే ఇది పోతుంది. వర్కర్ ఆగినా ఆ స్టోరేజీ ఉంటుంది. పది వరసల మార్పు, మాకు దొరకడానికి మాత్రం మూడు వారాలు పట్టింది.

కీలు రికార్డు చేయకండి, పెట్టెలో చివరికి ఉన్న విలువ రికార్డు చేయండి. ఇది తెలుగువాళ్లకి మరీ ముఖ్యం. విండోస్‌లో ఫోనెటిక్ కీబోర్డుతో "అనంతపురం" అని కొడితే, మధ్యలో ఐఎంఈ (ఇన్‌పుట్‌ని మార్చే ప్రోగ్రామ్) కూర్చుని ఇంగ్లిష్ అక్షరాలని తెలుగులోకి మారుస్తుంది. బ్రౌజర్‌కి అందే కీ ఈవెంట్లలో ఒక్కో నొక్కుకీ "ప్రాసెస్" అనే పేరూ, 229 అనే కోడూ తప్ప ఏ అక్షరమో ఉండదు. మా పాత రికార్డింగులో ఆ జిల్లా పేరు బదులు వరసగా "ప్రాసెస్, ప్రాసెస్, ప్రాసెస్" అని పడి ఉండేది. ఇన్‌పుట్ ఈవెంట్ విని, పెట్టె వదిలినప్పుడు విలువ చదివి ఒకే స్టెప్పుగా రాస్తే ఏ భాషైనా సరిగ్గా వస్తుంది. ఎంటర్, ట్యాబ్, ఎస్కేప్ లాంటి కొన్ని కీలు మాత్రం విడిగా పట్టుకోండి.

తెలుగు టెక్స్ట్‌తో ఇంకో చిక్కు ఉంది. బటన్ మీద "లాగిన్" అని ఉంటుంది. చివరి పొల్లు తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఒకటి ఉండొచ్చు. కొన్ని తెలుగు కీబోర్డులు దాన్ని వాటంతటవే పెడతాయి. అది ఉన్నా లేకపోయినా మాట చూడ్డానికి ఒకటే. రికార్డింగ్‌లో అది చేరి, తర్వాత వెబ్‌సైట్ వాళ్లు ఆ లేబుల్‌ని మళ్లీ టైపు చేస్తే టెస్టు ఫెయిలవుతుంది. లాగులో "లాగిన్ కావాలి, లాగిన్ ఉంది" అని కనిపిస్తుంటే ఎవరికైనా మతి పోతుంది. యూనికోడ్ నార్మలైజ్ చేస్తే ఐత్వాన్ని రెండు ముక్కలుగా రాసినవి ఒకటవుతాయి గానీ ఈ కనిపించని అక్షరం పోదు. మేం పోల్చేటప్పుడు రెండువైపులా దాన్ని తీసేసి పోలుస్తాం, ఫైల్లో మాత్రం పేజీలో ఉన్నది ఉన్నట్టే ఉంచుతాం. "ఆన్‌లైన్" లాంటి మాటల మధ్యలో దానికి పని ఉంది, ఫైల్లోంచి తీసేస్తే చదవడానికి వికారంగా మారుతుంది.

ఒక్క నొక్కుకి రెండు క్లిక్కులు వస్తాయి. చెక్‌బాక్స్ పక్కన ఉన్న లేబుల్ నొక్కితే లేబుల్ మీద ఒక క్లిక్కు, బ్రౌజరే చెక్‌బాక్స్ మీద ఇంకో క్లిక్కు పంపుతుంది. రెండూ రికార్డు చేసి తిరిగి నడిపితే టిక్కు పడి, వెంటనే పోతుంది. ఫారమ్‌లో ఎంటర్ కొట్టినా అంతే, సమర్పించు బటన్ మీద మనం నొక్కని క్లిక్కు ఒకటి వస్తుంది. రెండిట్లో ఒకటే ఉంచాలి. అలాగే క్లిక్కు తగిలింది బటన్ లోపలి చిన్న బొమ్మకైతే పైకి ఎక్కి బటన్‌నే పట్టుకోండి. షాడో డామ్ (పేజీలో విడిగా దాచి ఉంచే భాగం) ఉన్న పేజీల్లో ఈవెంట్ టార్గెట్‌ని (ఈవెంట్ తగిలిందని బ్రౌజర్ చెప్పే ఎలిమెంట్‌ని) నమ్మకండి, కంపోజ్డ్ పాత్ (ఈవెంట్ దాటిన ఎలిమెంట్ల జాబితా) చూడండి. ఇంకోటి: కొన్ని డ్రాప్‌డౌన్లు మౌస్ కిందికి నొక్కగానే మాయమవుతాయి, క్లిక్కు ఈవెంట్ వచ్చేసరికి ఆ ఎలిమెంట్ పేజీలో ఉండదు. సెలెక్టర్‌ని పాయింటర్ డౌన్ (మౌస్ కిందికి నొక్కిన క్షణం) దగ్గరే లెక్కగట్టి దాచుకోండి.

ఫైల్ అప్‌లోడ్‌కి అసలు పాత్ దొరకదు. భద్రత కోసం బ్రౌజర్ "సీ డ్రైవ్, ఫేక్‌పాత్" అని అబద్ధపు దారి చూపిస్తుంది. ఫైలు పేరు ఒక్కటే తీసుకుని, టెస్టు ఫోల్డర్‌లో ఆ ఫైలు పెట్టమని వాడుకరికి చెప్పండి.

పాస్‌వర్డులు. దయచేసి ఇక్కడ తొందరపడకండి. టైపు పాస్‌వర్డ్ అని ఉన్న పెట్టెల విలువ రాయకుండా దాని బదులు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (అసలు విలువని ఫైలు బయట దాచే పద్ధతి) పేరు రాస్తే సరిపోతుందనుకున్నాం. సరిపోలేదు. పాస్‌వర్డ్ పెట్టె పక్కన కన్ను బొమ్మ ఉంటుంది కదా. దాన్ని నొక్కగానే ఆ పెట్టె టైపు మామూలు టెక్స్ట్‌గా మారిపోతుంది. ఒక వాడుకరి రికార్డు చేస్తూ, సరిగ్గా కొట్టానో లేదో చూసుకుందామని కన్ను నొక్కాడు. పాస్‌వర్డ్ యథాతథంగా యామల్‌లో పడింది, ఆ ఫైలు అందరికీ కనిపించే గిట్ రిపాజిటరీలోకి (కోడు ఉంచే చోటికి) వెళ్లింది. రాత్రి పదకొండింటికి తెలిసింది. ఆ పాస్‌వర్డ్ మార్పించి, మేం కొత్త వెర్షన్ విడుదల చేసేసరికి తెల్లవారింది. అతను మా టూల్‌ని నమ్మే ఆ బటన్ నొక్కాడు, ఆ సంగతి నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఇప్పుడు ఒక పెట్టె ఒక్కసారి పాస్‌వర్డ్ టైపుగా కనిపించినా, ఆ పేజీ మూసేదాకా దాన్ని రహస్యంగానే చూస్తాం. ఆటోకంప్లీట్‌లో పాస్‌వర్డ్ అని గానీ, వన్ టైమ్ కోడ్ అని గానీ ఉన్నవీ అంతే. పన్నెండు అంకెల సంఖ్య కనిపిస్తే ఆధార్ కావచ్చని ఆపి అడుగుతాం.

మీరు ముందుముందు నెట్‌వర్క్ రికార్డింగ్ కూడా చేర్చాలనుకుంటే ఇదే జాగ్రత్త పదింతలు కావాలి. 2023 అక్టోబరులో లాగిన్ సేవలిచ్చే ఆక్టా సంస్థ సపోర్ట్ సిస్టమ్‌లోకి చొరబడినవాళ్లు అక్కడ కస్టమర్లు అప్‌లోడ్ చేసిన హార్ ఫైళ్లలోంచే (బ్రౌజర్ నెట్‌వర్క్ రాకపోకల రికార్డులు) సెషన్ టోకెన్లు (లాగిన్ అయినవాళ్లని గుర్తించే రహస్య కోడ్లు) దొంగిలించారు. రికార్డింగ్ ఫైలంటే తాళంచెవి కూడా కావచ్చు.

అనుమతుల సంగతి. "అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా చదవగలదు" అన్న హెచ్చరిక చూసి చాలామంది ఇన్‌స్టాల్ చేయడం ఆపేస్తారు. అది పోవాలని మేం ప్రస్తుత ట్యాబ్ అనుమతి మాత్రమే అడిగాం. లాగిన్ వేరే డొమైన్‌కి మళ్లగానే ఆ అనుమతి చెల్లదు, రికార్డింగ్ మౌనంగా ఆగిపోయేది. చివరికి రికార్డు మొదలుపెట్టేటప్పుడు ఏ సైట్లు కావాలో అడిగి, వాటికే ఐచ్ఛిక అనుమతి తీసుకునే పద్ధతికి వచ్చాం. కొన్ని కంపెనీల్లో ఎక్స్‌టెన్షన్లే పెట్టనివ్వరు. వాళ్లకి క్రోమ్ రికార్డర్, మీ ఇంపోర్టర్ దారి ఒక్కటే ఉంటుంది, కాబట్టి ఎక్స్‌టెన్షన్ వచ్చాక కూడా ఇంపోర్టర్‌ని తీసేయకండి.

కోడు నిర్మాణం గురించి నా సలహా ఒక్కటే. ఈవెంట్లు పట్టుకునే భాగం, మధ్యలో ఒక సాదా జేసాన్ రూపం, దాన్నుంచి యామల్ రాసే భాగం, ఈ మూడూ విడివిడిగా ఉంచండి. సెలీనియం ఐడీఈ (బ్రౌజర్ టెస్టుల రికార్డర్) కథ గుర్తుంచుకోండి. 2006లో షిన్యా కసటాని దాన్ని ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్‌గా రాశారు. ఎన్నో వేలమంది దానితోనే ఆటోమేషన్ మొదలుపెట్టారు, నేనూ వాళ్లలో ఒకణ్ని. 2017లో ఫైర్‌ఫాక్స్ పాత ఎక్స్‌టెన్షన్ పద్ధతిని వదిలేసే క్రమంలో 55వ వెర్షన్‌కి అది పనిచేయడం మానేసింది. తర్వాత కొత్త పద్ధతిలో మొదటినుంచి రాయాల్సి వచ్చింది. ఆ కొత్తది స్టెప్పులని జేసాన్ ఫైలుగా దాస్తుంది, వేరే భాషల కోడు రాసే భాగాలు విడిగా ఉంటాయి. బ్రౌజర్లు మారుతూనే ఉంటాయి. మధ్య రూపం మీ చేతిలో ఉంటే ఒక వైపే మార్చుకుంటే సరిపోతుంది. మీ మధ్య రూపాన్ని క్రోమ్ రికార్డర్ జేసాన్‌కి దగ్గరగా పెట్టుకుంటే ఇంపోర్టర్ కోసం రాసిందంతా ఎక్స్‌టెన్షన్‌కి కూడా పనికొస్తుంది.

రిపాజిటరీలోనే చిన్న చిన్న హెచ్‌టీఎంఎల్ పేజీలు కొన్ని పెట్టుకోండి: లేబుల్ ఉన్న చెక్‌బాక్స్ ఒకటి, ఐఫ్రేమ్ (పేజీలో ఇంకో పేజీ) ఒకటి, షాడో డామ్ ఒకటి, కన్ను బొమ్మ పాస్‌వర్డ్ ఒకటి. ప్రతి బగ్గుకీ ఒక పేజీ చేరాలి. ప్రతి మార్పుకీ ఆ పేజీల మీద రికార్డు చేసి, వచ్చిన ఫైలుని తిరిగి నడిపి, పేజీ అదే స్థితికి చేరిందో లేదో చూడాలి. బయటివాళ్లు పంపే పుల్ రిక్వెస్టులని (కోడు మార్పుల ప్రతిపాదనలని) ధైర్యంగా ఒప్పుకోగలిగింది మేం ఇది పెట్టుకున్నాకే.

ఇవాళ సాయంత్రం ఒక పని చేయండి. మీ టెస్టర్లు రోజూ వాడే అప్లికేషన్‌లో లాగిన్ నుంచి ఒక ముఖ్యమైన పని దాకా క్రోమ్ రికార్డర్‌తో రికార్డు చేసి, జేసాన్ తెరవండి. ఆరియా సెలెక్టర్ లేని స్టెప్పులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మూడు నాలుగు ఉంటే ఇంపోర్టర్ వెంటనే మొదలుపెట్టొచ్చు. సగానికి సగం ఉంటే ముందు ఆ అప్లికేషన్ డెవలపర్లతో మాట్లాడి లేబుళ్లు, టెస్ట్ ఐడీలు పెట్టించండి, లేకపోతే ఏ రికార్డర్ తెచ్చినా టెస్టులు నిలబడవు. ఆ లెక్క ఇక్కడ రాయండి, జేసాన్‌లోంచి రహస్యాలు తీసేసి నాలుగైదు స్టెప్పులు కూడా పెట్టండి. మీ యామల్‌లో అవి ఎలా ఉండాలో నేను రాసి చూపిస్తాను.